సూచిక

కొత్త సిస్టమ్ వేసుకున్న మర్నాటి నుంచే
ఇలా అయిందని చెప్పింది నర్గిజా,
తడిసిన గొడుగు తలుపు బయటే వదిలి.
ఒక అక్షరం కొడితే
అది తెర మీదికి వచ్చేలోగా
కాఫీ పొంగి, పొయ్యి ఆరి,
గిన్నె తోమి బోర్లించడం కూడా అయిపోతోందట.

కుటాయిసీలో, రియోనీ వంతెన పక్కన నా కొట్టు.
మూడు మెట్లు దిగాలి.
వాన గట్టిగా పడితే రెండే.
ఆమె నోటరీ గుమ్మం దగ్గర కూర్చుని
జనం కాగితాలు ఇటాలియన్‌లోకి మారుస్తుంది.
పుట్టుక, పెళ్లి, విడాకులు, చావు.
పేజీకి ఇంత, ముద్రకి వేరే.
రేపు తొమ్మిదింటికి
ఒకావిడ బారీ వెళ్లే బస్సెక్కాలి,
ముసలాళ్లకి సేవ చేసే పనికి.
ఆమె కాగితం ఇందులోనే ఉంది, సగంలో.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను.
ఆపి, మళ్లీ వేశాను.
పొద్దున్నే పిలవకుండా లేచి కూర్చునే
పదకొండు ప్రోగ్రాముల్ని పడుకోమన్నాను.
రెండు యాంటీవైరస్‌లు
ఒకదాన్నొకటి దొంగనుకుని కాపలా కాస్తున్నాయి.
ఒకదాన్ని ఇంటికి పంపించాను.
అడుగు మూత విప్పితే
ఫ్యాన్ నిండా బూడిదరంగు వెంట్రుకల ఉండ.
పిల్లి పేరేంటి, అన్నాను.
పోయింది, అంది.
పేరు చెప్పలేదు.

అయినా కదల్లేదు.
డిస్క్ మాత్రం నూటికి నూరు,
లోపల ఎవరో గోరుతో గీరుతున్న చప్పుడు.

అప్పుడు చూశాను, జాబితా అడుగున
నెమ్మదిగా తన పని తాను చేసుకుపోతున్నదాన్ని.
వెతికితే దొరకాలని
పాత ఫైళ్లన్నిటికీ సూచిక కడుతోంది.
కొత్త నీరు వచ్చి పాత నీటిని తోసేస్తుందంటారు.
ఇక్కడ కొత్త నీరు
ఒక్కో రాయినీ తిప్పి
అడుగున ఏముందో చూసి
మళ్లీ అక్కడే పెడుతోంది.
పధ్నాలుగేళ్ల కాగితాలు.

ఏం చదువుతోందో చూడొచ్చా, అని అడిగింది.
చూడొచ్చు.
పేర్లు ఒక్కొక్కటే కిందికి జారాయి.
ఈ పిల్లకి ఇప్పుడు పదేళ్లు, అంది.
ఈయన పోయాడు, పోయినట్టూ నేనే రాశాను, అంది.
ఈమె ఇంటిపేరు మూడుసార్లు మార్చింది.

తర్వాత ఒక పేరు దగ్గర
తెర ఆగింది.
నా పేరే.
గోచా, విడాకులు, రెండు ప్రతులు.

తొమ్మిదేళ్ల కిందట
ఆ కాగితం బారీ నుంచి అడిగారు.
ఎవరో మార్చి, ముద్ర వేయించి పంపారనే తెలుసు.
ఎవరన్నది ఎప్పుడూ ఆలోచించలేదు.
ముద్ర డబ్బులిచ్చింది మాత్రం గుర్తుంది,
అప్పు చేసి.

నర్గిజా మెట్ల వైపు చూస్తోంది.
నీళ్లు ఎంత ఎక్కాయో లెక్కపెడుతున్నట్టు.

నాలుగు సెకన్లు, ఐదేమో.
తర్వాతి పేరు వచ్చింది.
ఎవరిదో పెళ్లి.

దీన్ని ఆపేయొచ్చు, ఒక్క నొక్కు చాలు, అన్నాను.
ఆపితే ఎప్పటికైనా మళ్లీ మొదటినుంచా?
కాదు, ఆగిన చోటు నుంచే.
అయితే ఈ రాత్రికి ఆపు, అంది,
పొద్దున్న బస్సు ఉంది.

ఆపాను.
నా బల్ల చివరే కూర్చుని టైపు చేసింది,
పదకొండున్నర దాకా.
అక్షరాలు వెంటవెంటనే వచ్చాయి.
నేను ఎవరిదో ఫోను విప్పి
మళ్లీ బిగించాను,
మరమ్మతు ఏమీ అక్కర్లేనిదాన్ని.

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది. తీసుకున్నాను.
తగ్గించనా అని అడగలేదు, తనూ అడగలేదు.
గొడుగు విప్పుతూ అంది:
రేపు పది దాటాక మళ్లీ మొదలెట్టిస్తా.
ఇంకా ఎన్ని రోజులు చదువుతుంది?

మూడు, అన్నాను.
ఐదు పట్టొచ్చు.
పాత డిస్క్ కదా.